బొగ్గు దగ్గర ఆగిన బండి



కొత్తగూడెం స్టేషన్‌లో తెల్లవారుజామున బండి దిగే కొత్తవాళ్ళని మీరెప్పుడైనా చూశారా? కుళాయి దగ్గర ముఖాలు కడుక్కుంటారు. పిల్లల తలలు దువ్వుతారు. కొబ్బరికాయల సంచి చేత పట్టుకుని బయటికొస్తారు. ఎదురొచ్చిన ఆటో అతన్ని అడుగుతారు. "బాబూ, రాములవారి గుడి ఎటు?" ఆటో అతను ఆశ్చర్యపోడు. రోజూ వినే ప్రశ్నే కదా. "గుడి ఇక్కడ లేదమ్మా. ఇంకా నలభై కిలోమీటర్లు పోవాలి" అంటాడు.

పాపం వాళ్ళ తప్పేం లేదు. స్టేషన్ బోర్డు మీద భద్రాచలం అనే రాసుంది. కాకపోతే దాని పక్కన ఇంకో చిన్న మాట ఉంది. రోడ్. భద్రాచలం రోడ్. ఆ రెండో మాటని ఎవరూ చదవరు.

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ కూడా చదవలేదు. చదవడం ఆమెకి రాదు, అది వేరే సంగతి. బండి దిగి, ప్లాట్‌ఫారం మీదే తూర్పుకి తిరిగి దండం పెట్టింది. గోదావరి ఎక్కడరా అని అడిగింది. గోదావరి లేదు. బొగ్గు నింపిన వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి, చివర కనపడకుండా నిలబడి ఉన్నాయి. "ఇదేం ఊరురా, దేవుడి పేరు పెట్టి బొగ్గు చూపిస్తున్నారు" అంది. ఆమె విసుక్కుని అన్న మాట అది. ఈ లైను చరిత్ర మొత్తం అందులో ఉందని నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు.

ఇవాళ మీకు ఒక్క చిన్న కిటుకు చెప్తాను. ఒక్కటే. మీ ఊరి పక్కన రైలు పట్టాలు ఉన్నాయనుకోండి. అవి ఎందుకు వచ్చాయో తెలుసుకోవాలంటే పెద్ద పుస్తకాలు వెతకక్కర్లేదు. ఆ పట్టాలు ఎక్కడ ఆగాయో చూడండి. ఎక్కడ ఆగాయో చూస్తే ఎందుకొచ్చాయో తెలుస్తుంది.

రైతులకి ఇది వెంటనే అర్థమవుతుంది. బావి దగ్గర మోటారు పెట్టారు. పైపు వేశారు. ఆ పైపు పట్టుకుని నడుచుకుంటూ పోండి. అది ఎక్కడ ఆగితే అక్కడ ఆసామి చేను ఉన్నట్టు. మధ్యలో ఎవరి దొడ్డి పక్కనించి పోయినా, ఎవరి గుడిసె ముందునించి పోయినా, పైపు వాళ్ళ కోసం వేసింది కాదు. పైపు ఖరీదైంది. చేను తడవగానే ఆపేస్తారు. పక్క ఊరి దాకా లాగరు. రైలు పట్టాలూ అంతే.

ఇప్పుడు ఈ కిటుకుతో మన ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఉన్న రైలు దారిని ఒకసారి నడిచి చూద్దాం.

ముందు నిజాం రాజ్యంలోకి రైలు ఎలా వచ్చిందో రెండు మాటల్లో చెప్తాను. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి మొదటి లైను వచ్చింది. వాడి అంటే గుల్బర్గా దగ్గరి ఊరు. బొంబాయి నుంచి వచ్చే పెద్ద లైను అక్కడ కలుస్తుంది. ఆ తర్వాత దాన్ని తూర్పుకి, అంటే వరంగల్ మీదుగా బెజవాడ దాకా పొడిగించాలనుకున్నారు. డబ్బు కావాలి. లండన్‌లో ఒక కంపెనీ పెట్టారు. దాని పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ గ్యారంటీ ఎవరిచ్చారు? నిజాం ప్రభుత్వం ఇచ్చింది. కంపెనీ పెట్టిన సొమ్ముకి ఏటా వందకి అయిదు చొప్పున వడ్డీ ఖాయం అని హామీ. బండికి జనం ఎక్కినా, ఎక్కకపోయినా వడ్డీ మాత్రం కట్టాలి. మన దగ్గర కౌలు లాగా. పంట పండినా, ఎండినా కౌలు కట్టాల్సిందే.

ఈ ఒప్పందం మీద హైదరాబాద్‌లో గొడవ జరిగింది. 1883లో. ఒప్పందంలో ఏముందో జనానికి చెప్పండి, అభిప్రాయం అడగండి అని కొందరు చదువుకున్నవాళ్ళు కమిటీ కట్టారు. వాళ్ళలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఉన్నాడు. అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఉన్నాడు. సరోజినీ నాయుడుగారి నాన్నగారు. ప్రభుత్వం జవాబు చెప్పలేదు. అఘోరనాథ్‌ని ఊరు వదిలి పొమ్మంది. ఆ తర్వాత ఆయన తిరిగొచ్చాడనుకోండి. లెక్క చూపించమని అడిగినందుకు ఒక పెద్దమనిషిని రాజ్యం దాటించారు. చాందా రైల్వే ఆందోళన అని దీన్ని చరిత్రలో చెప్తారు.

సరే, మన అడవి దగ్గరికి వద్దాం.

భద్రాచలం చుట్టుపక్కల ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. 1870 ప్రాంతం. రాములవారి దర్శనానికి కొందరు యాత్రికులు నడిచి పోతున్నారు. ఇల్లందు దగ్గర అడవిలో పొద్దుగూకింది. వంట చేసుకుందామని మూడు రాళ్ళు తెచ్చి పొయ్యి పెట్టారు. నల్ల రాళ్ళు. పుల్లలు వేసి నిప్పు రాజేశారు. కాసేపటికి పుల్లలు అయిపోయాయి గాని మంట ఆరలేదు. చూస్తే పొయ్యిరాళ్ళే కాలుతున్నాయి. దడుచుకున్నారో, రాములవారి మహిమ అనుకున్నారో గాని ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పడి తెల్లదొరల దాకా పోయింది.

ఈ కథకి నేను సాక్ష్యం చెప్పను. కాని పెద్దలు చెప్పే తీరు నాకిష్టం. ఎందుకంటే ఇందులో గుడి, బొగ్గు ఒకే పొయ్యి మీద ఉన్నాయి. కథ సంగతి అలా ఉంచితే, రాతపూర్వకంగా ఉన్నది ఇది. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన డాక్టర్ విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గు ఉందని కనుక్కున్నాడు. కారేపల్లి దగ్గర సింగరేణి అని ఒక చిన్న పల్లె ఉంది. ఆ పల్లె పేరే బొగ్గుకి పెట్టారు. ఇవాళ గోదావరి పొడుగునా, అటు ఆసిఫాబాద్ దాకా, ఎక్కడ తవ్వినా అది సింగరేణి బొగ్గే. ఆ పల్లె మాత్రం చిన్న పల్లెగానే ఉంది.

ఇక్కడ ఒక చిన్న మలుపు. అదే 1871లో, గోదావరి మీద ఇంకో పెద్ద పని ఆగిపోయింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ మీకు తెలుసు. ఆయనకి రైళ్ళంటే అంత మోజు లేదు. పడవలంటే మోజు. నీటి మీద సరుకు మోస్తే చవక అనేవాడు. గోదావరిని పైదాకా పడవల దారిగా మార్చి, నాగపూర్ వైపు పత్తిని సముద్రానికి దించాలన్నది ఆలోచన. భద్రాచలం పైన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, పడవలు పోవడానికి కాలువ కట్టారు. పైన ఇంకో రెండు చోట్ల రాతి బండలు అడ్డం. అక్కడా పని మొదలుపెట్టారు. ఖర్చు పెరిగింది. జ్వరాలతో కూలీలు నిలవలేదు. 1871లో పని ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఇప్పటికీ ఉంది. వెళ్ళినప్పుడు చూడండి.

అంటే ఒకే ఏడాది నీటిదారి మూతపడింది, నేల కింద బొగ్గు బయటపడింది. ఇక ఇటువైపు రావలసింది రైలే.

ఎందుకు రైలే రావాలి? బొగ్గు బరువు. అందుకు. ఒక ఎడ్లబండి మీద మహా అయితే అర టన్ను వేస్తారు. అడవి దారి, వాగులు, ఇసుక. వర్షం వస్తే అదీ లేదు. ఆ రోజుల్లో ఒక్క చిన్న వ్యాగన్‌లో పదిహేను, ఇరవై టన్నులు పట్టేది. అంటే ఒక్క వ్యాగన్ బొగ్గు మోయాలంటే ముప్పై, నలభై ఎడ్లబండ్లు కట్టాలి. ఎడ్లకి మేత పెట్టాలి. మనుషులకి బత్తెం ఇవ్వాలి. బొగ్గు ధర కంటే మోత కూలి ఎక్కువైపోతుంది. బంగారమైతే మూటగట్టుకుని నడిచి తేవచ్చు. బొగ్గుని అలా తేలేం. పట్టాలు లేని చోట బొగ్గు ఉన్నా లేనట్టే.

ఇంకో సంగతి. అప్పటి రైలింజను తినేదే బొగ్గు. ఆ రోజుల్లో ఇక్కడి రైళ్ళకి బొగ్గు చాలా దూరం నుంచి రావాలి. బెంగాల్ నుంచో, ఓడల మీద ఇంగ్లండు నుంచో. మన ఇంటి వెనకే కట్టెల మోపు ఉందని తెలిస్తే, పొరుగూరి అడితికి పోయి కొంటామా? అందుకని పట్టాలు బొగ్గు దగ్గరికి వచ్చాయి. బొగ్గు పట్టాల మీద నడిచే ఇంజన్లోకి వెళ్ళింది. ఇంజను మళ్ళీ బొగ్గు మోసింది.

ఇప్పుడు తారీఖులు కొంచెం జాగ్రత్తగా వినండి. రైలు 1886లో కాజీపేట చేరింది. 1888లో డోర్నకల్ చేరింది. అదే 1888లో డోర్నకల్ నుంచి పక్కకి ఒక కొమ్మ వేశారు. పదహారు మైళ్ళు. కారేపల్లి మీదుగా ఇల్లందు బొగ్గుగనుల దాకా. మరి బెజవాడకి? 1889 ఫిబ్రవరికి చేరింది. అర్థమైంది కదా. బెజవాడ పెద్ద ఊరు. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. అక్కడికి పోకముందే బండి అడవిలోకి తిరిగింది. ముందు బొగ్గు, తర్వాతే బెజవాడ. పైపు ఎటు పోయిందో చూడండి. చేను ఎక్కడుందో తెలుస్తుంది.

ఇల్లందులో పెద్ద ఎత్తున తవ్వకం 1889లో మొదలైంది. తవ్వే హక్కుని 1886లోనే ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తీసుకుంది. ఆ వాటాల అమ్మకంలో తిరకాసు జరిగిందని 1888లో లండన్ పార్లమెంటు కమిటీ వేసి విచారణ చేసింది. ఇల్లందు అడవిలో ఒక తట్ట బొగ్గు సరిగ్గా పైకి రాకముందే లండన్‌లో దాని మీద లాభాలు పంచుకోవడం, తగువులాడుకోవడం రెండూ అయిపోయాయన్నమాట. తర్వాత 1920 డిసెంబరు 23న ఆ గనుల కంపెనీ సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. ఇల్లందుని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు.

డోర్నకల్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. జంక్షన్ అంటే మన భాషలో నాలుగు దారుల కూడలి. కూడలిలో సంత పెరుగుతుంది. డోర్నకల్ అలాగే పెరిగింది. ఇంజన్లకి నీళ్ళు పట్టాలి. బొగ్గు వ్యాగన్లు విడదీసి, మళ్ళీ కలపాలి. బండ్లు మారే జనం గంటలు గంటలు కూర్చోవాలి. వాళ్ళకి టీ కావాలి, అన్నం కావాలి.

ఈ బొగ్గు కూడలికి ఇంకో మనిషి వచ్చాడు. తమిళనాడు తిరునెల్వేలి వైపు నుంచి వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ని బిషప్‌గా నియమించారు. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ ఆయనే. ఆయన పీఠం ఎక్కడ? మద్రాసు కాదు. బొంబాయి కాదు. డోర్నకల్. చెట్ల మధ్య ఉన్న ఒక రైల్వే జంక్షన్. అక్కడ కట్టిన పెద్ద చర్చి 1939లో తెరిచారు. చూడండి, దాని స్తంభాల్లో మన గుడి పోలిక కనిపిస్తుంది. పైన గుమ్మటాల్లో మసీదు పోలిక కనిపిస్తుంది. బొగ్గు కోసం వేసిన కొమ్మ ఎవరెవరినో తెచ్చి ఒక చోట దింపుతుంది. లెక్కలు వేసుకున్నవాళ్ళకి ఆ సంగతి తట్టి ఉండదు.

ఇప్పుడు కారేపల్లి నుంచి కుడివైపు తిరుగుదాం. ఇల్లందు పాత కొమ్మ. కారేపల్లి నుంచి కొత్తగూడెం వైపు వచ్చింది కొత్త కొమ్మ. అది 1920లలో వచ్చింది. చీమలపాడు, తడికలపూడి, బేతంపూడి. ఈ స్టేషన్ పేర్లు వింటుంటే నాకు అడవిలో నడుస్తున్నట్టే ఉంటుంది. ఆ పేర్లలో పూడి, పాడు ఉన్నాయి. చివర గూడెం ఉంది. గూడెం అంటే మీకు తెలుసు. కోయవాళ్ళ పల్లె. కొత్త గూడెం అంటే కొత్తగా పడ్డ పల్లె. ఆ గూడెం ఎక్కడుందో, అందులో ఎన్ని గుడిసెలుండేవో ఇప్పుడు మనకి చూపించే ఆనవాలు లేదు. పేరు మిగిలింది. స్టేషన్ బోర్డు మీద ఆ పేరు కూడా మిగల్లేదు.

పట్టాలు వేయడమంటే ఇనుము ఒక్కటే కాదు. పట్టాల కింద అడ్డంగా చెక్క దిమ్మలు ఉండేవి. స్లీపర్లు. ఇప్పుడవి సిమెంటువి. అప్పుడు టేకు లాంటి గట్టి చెక్కవి. ఒక్కోటీ తొమ్మిది అడుగుల పొడుగు. కిలోమీటరుకి వెయ్యికి పైగా కావాలి. పది, పదిహేనేళ్ళకి అవి పుచ్చిపోతాయి. మళ్ళీ కొత్తవి వేయాలి. దేశమంతా ఇలా పట్టాలు పరుచుకుంటూ పోతుంటే ఎన్ని అడవులు దిమ్మలయ్యాయో మీరే ఊహించుకోండి. గనులకీ కలప కావాలి. లోపల కప్పు కూలకుండా గుంజలు పాతాలి. అడవిలో కోయరైతు పోడు కొట్టుకుంటే అడవి నాశనమైపోతుందని అటవీ చట్టాలు వచ్చాయి. దిమ్మలకి, గుంజలకి కొట్టిన అడవి మాత్రం ఆదాయం అయింది. ఒకే చెట్టు. ఎవరు కొడుతున్నారు అన్నదాన్ని బట్టి పేరు మారింది.

కొత్తగూడెం దగ్గర పట్టాలు వచ్చిన పదేళ్ళకి, 1937లో, అక్కడ గనులు మొదలయ్యాయి. కాలం గడిచేకొద్దీ ఇల్లందులో బొగ్గు పలచబడింది. కొత్తగూడెంలో చిక్కబడింది. కంపెనీ పెద్దాఫీసు కూడా ఇల్లందు నుంచి కొత్తగూడెం వచ్చేసింది. ఇల్లందుకి ప్రయాణికుల బండి చాలా ఏళ్ళ కిందటే ఆగిపోయింది. బొగ్గుట్టకి రైలు రావాలి అని అక్కడివాళ్ళు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. ఈ ప్రాంతంలో మొదట్లోనే రైలు చూసిన ఊరు అది. బొగ్గుతో వచ్చిన బండి బొగ్గుతోనే తగ్గిపోయింది.

సరే, రైలు కొత్తగూడెం దాకా వచ్చింది. ఇంకో నలభై కిలోమీటర్లు ఎందుకు పోలేదు? మా అమ్మమ్మ అడిగిన ప్రశ్న ఇదే.

ఒక కారణం మీకు ముందే చెప్పాను. చేను తడిసింది, పైపు ఆగింది. రెండో కారణం సరిహద్దు. ఇది చాలామంది మర్చిపోతారు. ఆ రోజుల్లో కొత్తగూడెం, పాల్వంచ నిజాంవి. గోదావరి దాటితే భద్రాచలం బ్రిటిషువాళ్ళది. 1860లో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలని వాళ్ళకి వదిలేశాడు. మొదట భద్రాచలం నాగపూర్ వైపు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. 1874లో మద్రాసు రాజ్యంలోని గోదావరి జిల్లాకి మార్చారు. అంటే నదికి ఇటు హైదరాబాద్ ప్రభుత్వం. అటు మద్రాసు ప్రభుత్వం. రెండు చోట్లా లెక్కలు వేరు, పన్నులు వేరు. నిజాం వైపు సరుకు మీద సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకాలు ఉండేవి. నిజాం ప్రభుత్వం వడ్డీ కట్టి వేయించిన లైనుని, నది దాటించి పరాయి రాజ్యంలో దింపే పని ఎవరికి గిట్టుబాటు?

మూడోది గోదావరి. అది అలాంటిలాంటి నది కాదు. 1900లో రాజమండ్రి దగ్గర కట్టిన హేవ్‌లాక్ వంతెనకి 56 ఖానాలు. రెండున్నర కిలోమీటర్లకి పైన పొడుగు. మద్రాసు, కలకత్తా మధ్య మెయిలు బండ్లు నడవాలి కాబట్టి అక్కడ అంత డబ్బు పోశారు. అడవిలో కోదండరాముడి కోసం ఎవరు పోస్తారు? భద్రాచలం దగ్గర మనుషులు, బస్సులు దాటే వంతెన 1965లో వచ్చింది. రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చి తెరిచారు. అప్పటిదాకా పడవే. వరదొస్తే అదీ లేదు.

కాబట్టి నిజాం వైపు యాత్రికుడి ప్రయాణం ఎలా ఉండేదో ఊహించండి. డోర్నకల్‌లో బండి మారాలి. పట్టాలు అయిపోయిన చోట దిగాలి. అక్కడినుంచి ఎడ్లబండి. అడవి. పాల్వంచ. ఆ తర్వాత కిన్నెరసాని వాగు. తర్వాత గోదావరి గట్టు. పడవ. అప్పుడు గుడి గోపురం. మీకు ఇంకో మాట గుర్తుచేస్తాను. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్న, మన రామదాసు, పాల్వంచ పరగణాకే తహసీల్దారు. ఆయన కాలంలో నదికి రెండు గట్లూ ఒకే గోల్కొండ రాజ్యం. ఆయన గుర్రమెక్కి గట్టుకొచ్చి పడవెక్కితే చాలు. రెండు వందల ఏళ్ళ తర్వాత రైలొచ్చినా యాత్రికుడికి మిగిలిన దారి అదే. గుర్రం బదులు బండి ఎడ్లు.

ఇక స్టేషన్ పేరులో ఉన్న ఆ రెండో మాట. రోడ్. రైల్వేవాళ్ళు ఈ మాటని చాలా నిజాయితీగా వాడతారు. ఫలానా ఊరికి పోవాలంటే ఇక్కడ దిగి రోడ్డు పట్టాలి అని దానర్థం. ఆముదాలవలసలో దిగితే బోర్డు శ్రీకాకుళం రోడ్ అంటుంది. శ్రీకాకుళం ఇంకో పది, పదమూడు కిలోమీటర్లు. విశాఖ వైపు నర్సీపట్నం రోడ్ ఉంది. నర్సీపట్నం ఇంకా చాలా దూరం. మార్కాపూర్ రోడ్ ఉంది. రాయలసీమలో మంత్రాలయం రోడ్. మీకు ఎక్కడ రోడ్ అనే మాట కనిపించినా ఒక్క క్షణం ఆగి, పట్టాలు ఆ ఊరికి ఎందుకు పోలేదో అడగండి. ఒక చోట కొండ అడ్డం ఉంటుంది. ఒక చోట నది. ఒక చోట ఇంకెవరి రాజ్యమో. ఒక్కోచోట అప్పటి పెద్దల చేలు కూడా అడ్డం ఉంటాయి.

ఇంకో చిన్న ఆనవాలు కూడా చెప్తాను. గేటు దగ్గర బండి కోసం ఆగినప్పుడు గూడ్సు బండిని చూడండి. నిండు వ్యాగన్లు ఎటు పోతున్నాయి? ఖాళీవి ఎటు వస్తున్నాయి? చప్పుడు కూడా వేరేగా ఉంటుంది. నిండు బండి నేలని అదరగొడుతుంది. ఖాళీ బండి గలగలలాడుతుంది. కొత్తగూడెం వైపు నుంచి డోర్నకల్ వైపు పోయేది నేల అదరగొడుతూ పోతుంది. డోర్నకల్ వైపు నుంచి వచ్చేది గలగలలాడుతూ వస్తుంది. దీన్ని చెవితోనే తెలుసుకోవచ్చు. రేడియో వినేవాళ్ళకి ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది.

మరి ఇప్పుడు? నిజాం లేడు. సరిహద్దు లేదు. 1930లోనే రైల్వేని కంపెనీ నుంచి నిజాం ప్రభుత్వం కొనేసింది. తర్వాత అది భారత రైల్వేల్లో కలిసింది. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. ఇప్పుడు జిల్లా పేరే భద్రాద్రి కొత్తగూడెం. పేరులో గుడి, గూడెం రెండూ పక్కపక్కన చేరాయి. పట్టాల మీద మాత్రం ఇంకా చేరలేదు.

కొత్తగూడెం నుంచి లైను ముందుకి పోయింది. ఎటు? మణుగూరుకి. అక్కడ బొగ్గు ఉంది. ఇంకోవైపు, సత్తుపల్లికి. 54 కిలోమీటర్లు. 2022 నవంబరులో ప్రధానమంత్రి దాన్ని జాతికి అంకితం చేశారు. సత్తుపల్లిలో ఏముంది? మీరే చెప్పండి. అవును, బొగ్గే. రైల్వే, సింగరేణి ఇద్దరూ ఖర్చు పంచుకున్నారు. 1888లో ఇల్లందుకి వేసిన కొమ్మకి, 2022లో సత్తుపల్లికి వేసిన కొమ్మకి మధ్య నూట ముప్పై నాలుగేళ్ళు. పట్టా మారింది, ఇంజను మారింది. పైపు అదే, చేను అదే.

ఇంకో లైను మాట. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం కొత్త లైనొకటి ఒప్పుకుంది. మణుగూరు దారిలో పాండురంగాపురం అని చిన్న స్టేషన్ ఉంది. అక్కడినుంచి భద్రాచలం మీదుగా ఒడిశాలోని మల్కనగిరికి. 173 కిలోమీటర్ల పైచిలుకు. అది పూర్తయితే భద్రాచలానికి తొలిసారి రైలొస్తుంది. గోదావరి దాటి వస్తుంది. అయితే ఇక్కడ కూడా నా పాత ప్రశ్నే అడగండి. ఈ పట్టాలు ఎక్కడ ఆగుతున్నాయి? భద్రాచలంలో ఆగడం లేదు. భద్రాచలం మీదుగా పోతున్నాయి. ఆగేది మల్కనగిరిలో, అక్కడినుంచి ఇంకా పైకి కలిపే ఆలోచనా ఉంది. రాములవారికి ఈసారి దారిలో స్టేషన్ దొరికింది. అంతే. యాత్రికుడికి అదే చాలు. పైపు ఎవరిదైనా, మన దొడ్డి పక్కనించి పోతుంటే ఓ బిందె పట్టుకోవచ్చు కదా.

నాకు మాత్రం ఒక సందేహం ఉంది. గోదావరి అవతల గుడి ఊళ్ళోనే భద్రాచలం అని బోర్డు పెట్టిన రోజున, ఇక్కడ కొత్తగూడెం బోర్డు మీద ఏం రాస్తారు? భద్రాచలం రోడ్ అనే ఉంచుతారా? లేక ఇన్నేళ్ళూ దేవుడి పేరు మోసిన ఆ స్టేషన్‌కి, ఎప్పుడో అడవిలో పడ్డ ఆ కొత్త గూడెం పేరు తిరిగి ఇస్తారా? ఆటో అతన్ని అడిగి చూశాను. ఆయన నవ్వాడు. "ఏ పేరైనా పెట్టండి సార్. అప్పుడు నన్ను గుడి ఎటు అని ఎవరూ అడగరు. బేరం పోతుంది" అన్నాడు.